చెయ్యి పడని చోటు

ఉదయం తొమ్మిదీ నలభైకి స్టేషన్ మెట్ల మీద నిలబడి నోటుబుక్కులో రాసుకున్న పనులు ఇవి:

పాప చివరిసారి పాలు ఎప్పుడు తాగింది? పంతొమ్మిది రోజుల బిడ్డ ఆకలికి ఎంతసేపు ఆగుతుంది? డాక్టరమ్మను అడగాలి.

తల్లితో మాట్లాడాలి. ఆ గదిలో ఎవరూ గొంతు పెంచకూడదు.

ఇల్లు చూడాలి. తలుపు, గడియ, ఉయ్యాల, స్నానాలగది.

ఆడపడుచు చెప్పిన టైములు మళ్ళీ అడగాలి. విడిగా కూర్చోబెట్టి.

కాలవలో వెతికేవాళ్ళను ఆపకూడదు. నాకు నమ్మకం లేకపోయినా సరే.

ఇదంతా సాయంకాలం సారు కేసు మూసెయ్యకముందే.

సాయంకాలం సారంటే ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టరు. పొద్దున వచ్చిన కేసును సాయంకాలానికల్లా తేల్చేస్తాడని ఆ పేరు వచ్చింది. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ఆ పేరు ఆయనకే నచ్చింది. నేను తప్పిపోయిన పిల్లల విభాగం నుంచి వచ్చాను. హోదా ఇద్దరిదీ ఒకటే. స్టేషన్ మాత్రం ఆయనది, జీపూ ఆయనదే.

అప్పటికి తెలిసింది కొంచెమే. పాప వయసు పంతొమ్మిది రోజులు, ఇంకా పేరు పెట్టలేదు. ఆరింటికి లేచి చూస్తే ఉయ్యాల ఖాళీగా ఉందని, తల్లి కూడా ఇంట్లో లేదని ఆడపడుచు చెప్పింది. ఏడూ నలభైకి తల్లి ఒక్కతే కాలవ మెట్ల మీద కూర్చుని కనిపించింది. ఆమె నైటీ మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నడకకు వచ్చిన ఓ పెద్దాయన "బిడ్డేదమ్మా?" అని అడిగితే, "దాచేశాను" అని నవ్విందట. ఎనిమిదింటికి కాలవలోకి మనుషులు దిగారు.

"వచ్చారా పిల్లల మేడమ్?" అన్నాడు సాయంకాలం సారు, నా చేతిలో పుస్తకం చూసి. "మీ చిట్టాలో టీ తాగడం కూడా రాసుకున్నారా, లేకపోతే నేను గుర్తుచెయ్యాలా?"

"తల్లి ఎక్కడ సార్?"

"లోపల. గంటన్నరగా అడుగుతున్నాను. ఒకసారి దాచానంటుంది, ఇంకోసారి గోడకి చెవులున్నాయంటుంది. పిచ్చి అనిపించుకుంటే బయటపడొచ్చని ఎవరో నేర్పారు."

"మీరు ఎంత గట్టిగా అడిగారు?"

"వినపడేంత గట్టిగా."

గదిలో ఆమె కుర్చీలో లేదు. కుర్చీకీ బీరువాకీ మధ్య ఉన్న సందులో, నేల మీద, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. వయసు ఇరవై ఆరు. కళ్ళ కింద చర్మం కమిలినట్టు నల్లబడింది. మానసిక వైద్యురాలు ఆమెకు రెండడుగుల దూరంలో, తానూ నేల మీదే కూర్చుని ఉంది. ఇంటివాళ్ళు నంబరు ఇస్తే పొద్దున నేను ఫోను చేసి పిలిపించిన డాక్టరమ్మ ఆవిడే.

నేనూ నేల మీద కూర్చున్నాను.

"మెల్లగా" అంది తల్లి. "గోడకి వినపడుతుంది."

"మెల్లగానే మాట్లాడతానమ్మా. పాప బాగుందా?"

"బాగుంది. వాళ్ళకి ఇచ్చెయ్యమన్నారు. ఇస్తానా? నేనేం తక్కువదాన్నా?"

"ఎవరు ఇమ్మన్నారు?"

"తెల్లచెప్పులవాళ్ళు. మంచం కిందకి వంగి చూస్తే కాళ్ళొక్కటే కనపడతాయి. నా పాలల్లో ఏదో కలిపేశారు. వదినని కూడా మార్చేశారు. మొహం వదినదే, చేతులు మాత్రం ఆవిడవి కావు. వేళ్ళు చూడలేదా మీరు?" తన వేళ్ళు నాకు చూపించింది. "ఆ చేతులు పాప మీద పడకూడదు. అందుకని ఎవరి చెయ్యీ పడని చోట పెట్టాను. ముడి నేనే వేశాను. ఆ ముడి ఎవ్వరూ విప్పరు. విప్పకూడదు."

గుమ్మంలోంచి సాయంకాలం సారు గొంతు వినిపించింది. "విన్నారుగా? మూటకట్టి పడేసింది. ఇంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి?"

ఆమె బీరువాకి అతుక్కుపోయింది. నేను వెనక్కి తిరగకుండానే తలుపు వెయ్యమని చేత్తో సైగ చేశాను. ఆయన మూశాడు, కాస్త చప్పుడుగానే.

ఉన్నట్టుండి ఆమె మొహంలో ఏదో తెర తొలగిపోయింది. సర్దుకుని కూర్చుంది. మామూలు ఇల్లాలి గొంతుతో, "మేడమ్, టైమెంతయింది? పాపకి ఆకలేస్తూ ఉంటుంది. నాకు పాలు కట్టుకుపోయి సలుపుతోంది" అంది. నైటీ ముందుభాగం పాలతో తడిసి చారలు కట్టింది.

"తొమ్మిదీ యాభై ఐదు. చెప్పమ్మా, పాప ఎక్కడుంది? నువ్వే వచ్చి పాలిద్దువుగాని."

ఆమె నోరు తెరిచింది. చెప్పబోయింది. ఆ తెర మళ్ళీ పడింది.

"పదకొండు కానివ్వండి" అంది గుసగుసగా. "పదకొండయ్యాక ఇంక భయం లేదు. పాలల్లోది, ఒంట్లోది, అంతా కడిగేస్తుంది. పాప శుభ్రమైపోతుంది."

పదకొండుకి ఏమవుతుంది? ఎవరు కడుగుతారు? నాలుగు విధాలుగా అడిగాను. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి కానీ, ఆ మాటలు నాతో కావు.

లేవబోతూ ఆమె నైటీ అంచు చూశాను. ముదురు నీలం రంగు. తడి ఇంకా ఆరలేదు. ఆ తడిలో అక్కడక్కడా మినపగింజంత తెల్లమచ్చలు, అంచు దగ్గర గులాబిరంగుకు తిరిగి, తాజాగా ఉన్నాయి. వంగి వాసన చూశాను. కాలవ నీటికి నాచు వాసన ఉంటుంది. అది నాచు వాసన కాదు. కాలవ నీళ్ళు బట్ట రంగు తినెయ్యవు కూడా.

వసారాలోకి వచ్చాక డాక్టరమ్మ తొందర తొందరగా చెప్పింది.

"ఈమె నాకు ఆరేళ్ళుగా తెలుసు. పెళ్ళికి ముందు ఒకసారి జబ్బు పడింది, మందులతో పూర్తిగా తేరుకుంది. ఉద్యోగం చేసింది, సంసారం చేసుకుంది. కాన్పయ్యాక మళ్ళీ రావచ్చని ముందే అనుకున్నాం. మర్నాటి నుంచే మాత్రలు వేసుకోమని రాసిచ్చాను."

"వేసుకుందా?"

"వేసుకుని ఉంటే ఇలా ఉండదు. బాలింతల్లో వెయ్యికి ఒకరికో ఇద్దరికో వస్తుంది ఇది. మొదటి రెండు వారాల్లో నిద్ర పట్టడం మానేస్తుంది, తర్వాత నిజానికీ ఊహకీ మధ్య గోడ పోతుంది. గంటకోలా ఉంటారు. ఇందాక చూశారుగా, ఓ నిమిషం మనిషి మనకి దొరికింది, మళ్ళీ జారిపోయింది. నాటకమనుకునేది అందుకే."

"బిడ్డకి హాని చేసి ఉంటుందంటారా?"

"చాలామంది చెయ్యరు. కొందరి విషయంలో జరుగుతుంది, జరగదని మీకు అబద్ధం చెప్పను. కానీ ఈమె మాటలు విన్నారుగా. కాపాడుతున్నాననే అనుకుంటోంది. ఆమె లోకంలో ఏది భద్రమైన చోటో కనుక్కోండి, పాప అక్కడ ఉంటుంది. పాలు తాగి రెండు మూడు గంటలు దాటితే పసిబిడ్డ ఏడుస్తుంది. ఐదారు గంటలైతే ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. ఇంకో సంగతి. ఈమెకి అత్యవసర చికిత్స కావాలి. ఆస్పత్రిలో మంచం, చేర్చుకునే కాగితం నేనే వెళ్ళి పట్టుకొస్తాను, గంట పడుతుంది. అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. పాపకేదో అయిందని మాత్రం చచ్చినా అనకండి. ఆ మాట ఈమె భరించలేదు."

గది బయట ఉన్న మహిళా కానిస్టేబుల్‌కి ఆ రెండు మాటలూ చెప్పాను. సాయంకాలం సారుకీ చెప్పాను. "అలాగేనండి, పూలల్లో పెట్టి చూసుకుంటాం" అన్నాడు.

పదీ పదిహేనుకి ఇంట్లో ఉన్నాను.

రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఉయ్యాల. తలుపు గడియ లోపలి నుంచి తీసిందే, బద్దలైంది కాదు. నేల అద్దంలా ఉంది. గోడల మూలలు, కిటికీ ఊచలు, స్విచ్చుల చుట్టూ, అన్నీ తుడిచి తుడిచి రంగు వెలిసిపోయాయి. భర్త గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. లిఫ్టుల మెకానిక్కు, రాత్రి డ్యూటీ, ఎనిమిది కావస్తుండగా కబురు అంది వచ్చాడు. చేతికి ఇంకా గ్రీజు ఉంది. అతని అక్క, ఆ ఆడపడుచు, మంచం అంచున కూర్చుని ఉంది.

అతన్ని బయటికి పంపి ఆవిడ్ని అడిగాను. "ఎన్నింటికి లేచారమ్మా?"

"ఆరింటికి. ఎప్పుడూ ఆరింటికే."

"లేచేసరికి ఇద్దరూ లేరు?"

"లేరు. ఉయ్యాల ఖాళీ. గుండె జారిపోయింది."

"తమ్ముడికి ఫోను చేసింది ఏడూ యాభైకి. గంటా యాభై నిమిషాలు ఏం చేశారు?"

"వెతికాను. వీధంతా."

"వీధిలో ఎవరైనా చూశారా మిమ్మల్ని?"

నేను బట్టల బీరువా తెరిచాను. తలుపు లోపలివైపు కాగితాలు అంటించి ఉన్నాయి. తల్లి చేతిరాత. పాలిచ్చిన టైములు. మొదటి వారం అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "రెండు గంటలు, కుడివైపు. నాలుగుంపావు, ఎడమవైపు." తొమ్మిదో రోజు నుంచి అక్షరాలు వంకర తిరిగాయి. పదో రోజు రాత్రి, పది నిమిషాలకొకసారి, ఒకే మాట.

రెండూ పది, ఊపిరి ఉంది. రెండూ ఇరవై, ఊపిరి ఉంది. రెండూ ముప్పై, ఊపిరి ఉంది.

కాగితం నిండా అదే. తర్వాతి కాగితం నిండా అదే. ఒక్క రాత్రిలో నలభై ఒకటి లెక్కపెట్టి ఆపేశాను. తొమ్మిది రాత్రులు ఈ ఇంట్లో ఒక మనిషి కన్ను మూయలేదు. అదే ఇంట్లో ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళున్నారు.

అన్నిటికన్నా కింద వరసలో ఇవాళ్టిది ఉంది. అది ఆవిడకి చదివి వినిపించాను. "ఆరూ యాభై. పాలు తాగింది. ఊపిరి ఉంది. వదిన వేషంలో ఉన్నది నిద్రపోయింది."

ఆడపడుచు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆరింటికి లేవలేదు కదమ్మా?"

"ఏడూముప్పావుకి లేచాను." చేతులు కిందికి దించింది. "ఐదు రాత్రులు నేనూ దానితోపాటు మేలుకున్నాను మేడమ్. కన్నంటుకుంది. తమ్ముడికి ఏం చెప్పను? బిడ్డని చూసుకోవే అక్కా అని పిలిపించుకుంటే పడుకున్నానని చెప్పనా?"

"మీ ఆరు గంటల మాట నమ్మి, తల్లి ఆరింటి నుంచీ కాలవ దగ్గరే ఉందనుకున్నారు. అక్కడొక్కచోటే వెతుకుతున్నారు. డాక్టరుగారు రాసిచ్చిన మాత్రలేవి?"

ఆవిడ లేచి, పరుపు కింద నుంచి మాత్రల అట్టలు తీసింది. రెండు. ఒక్క గుంట కూడా చిల్లిపడలేదు.

"పాలల్లోకి దిగుతాయన్నారు."

"ఎవరన్నారు?"

"ఎవరో..." తల దించుకుంది. "నేనే అన్నాను. అది బాగానే ఉంది కదా అనుకున్నాను మేడమ్. ఏడ్చేది కాదు, మూలన కూర్చునేది కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఇల్లు తుడిచేది. పచ్చిబాలింత ఎంత చురుగ్గా ఉందో అని అందరితో చెప్పుకున్నాను. పిచ్చంటే బట్టలు చింపుకుంటారని తెలుసు గానీ, ఇల్లు తుడుస్తారని నాకేం తెలుసు?"

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి టైము లేదు. పదీ ముప్పై ఐదు. పాలు తాగి మూడు గంటలా నలభై ఐదు నిమిషాలు. స్నానాలగది చూశాను. ఒక సబ్బు, ఒక బకెట్టు, నేల తుడిచే గుడ్డలు. మూతలన్నీ తీసి వాసన చూశాను. రంగు తినేసే మందు ఇంట్లో ఎక్కడా లేదు.

అంటే ఆ మచ్చలు ఆరూ యాభైకీ ఏడూ నలభైకీ మధ్య ఇంకెక్కడో పడ్డాయి. యాభై నిమిషాలు. ఇంటికీ కాలవకీ నడక పది నిమిషాలు. మిగతా నలభై ఎక్కడ?

గుమ్మం దగ్గర జీపు ఆగింది. సాయంకాలం సారు దిగీ దిగకుండానే, "కాలవలో ఒక గుడ్డ దొరికింది. పసిపిల్లల గుడ్డలాగే ఉంది. ఇంక మీ చిట్టా మూసెయ్యండి మేడమ్" అన్నాడు. భర్త మెట్టు మీదే కూలబడ్డాడు.

"ఆ గుడ్డ ఈ ఇంటిదేనని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? తల్లి చెబుతుంది, నేను చెప్పిస్తాను."

"సార్, ఆమె నైటీ మీది మచ్చలు చూశారా? అవి కాలవవి కావు. ఆరూ యాభైదాకా బిడ్డ ఇక్కడే ఉంది, ఆమె చేతిరాతలో ఉంది. మధ్యలో ఆమె ఇంకెక్కడికో వెళ్ళింది. జీపు ఇవ్వండి, ఒక్క గంట."

"ఆ పిచ్చిది రాసిన రాత పట్టుకుని జీపు ఇవ్వాలా?" ఆయన దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇందాకటిదాకా నేనూ ఆ నీళ్ళల్లో నిలబడ్డాను. బతికి దొరకాలని నాకు మాత్రం లేదా? మీకు ఆశ ఎక్కువ, నాకు అనుభవం ఎక్కువ. అంతే తేడా."

"ఆమెను మాత్రం ఇంకేం అడగకండి."

"నా స్టేషన్లో ఎవరిని ఏమడగాలో మీరు చెప్పక్కర్లేదు." జీపు వెళ్ళిపోయింది.

నేను మెట్టు మీద భర్త పక్కన కూర్చున్నాను. "బాబూ, గుడ్డ సంగతి ఒదిలెయ్యి. నేనడిగింది చెప్పు. ఆమె ఏం ఉద్యోగం చేసేది?"

"ఆస్పత్రిలో. లాండ్రీలో. ఆరేళ్ళు. ఇప్పుడు సెలవు."

"బట్టలకి రంగు పోయే మందు వాడతారా అక్కడ?"

"బ్లీచింగు. ఇంటికొస్తే అదే వాసన." అతను మొహం తుడుచుకున్నాడు. "నాతో చెప్పింది మేడమ్. నా బుర్రలో రేడియో ఆగట్లేదండీ అని. నిద్ర చాలకేమోలే అన్నాను. అంతే అన్నాను."

"అక్కడ ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఏదైనా ఉందా? ఎవరూ విప్పని ముడి?"

"ముడా? అది ఎర్ర సంచులకి." యథాలాపంగానే చెప్పడం మొదలుపెట్టాడు. "జ్వరాల వార్డు బట్టలు. అంటుతుందని ఎర్రగుడ్డ సంచుల్లో కట్టేస్తారు. వాటిని ఎవరూ విప్పకూడదని రూలు. సంచి సంచిగానే మరిగే నీళ్ళ యంత్రంలో వేసేస్తారు. ఆ తాడు వేడికి కరిగిపోతుంది, బట్టలు లోపల అవే విడిపోతాయి, అన్నీ శుభ్రమై..."

అతని మాట ఆగిపోయింది.

"ఎన్నింటికి వేస్తారు?" అన్నాను.

"పదకొండుకి."

పదీ యాభై ఏడు.

స్కూటరు అతనే నడిపాడు. నేను వెనక కూర్చుని లాండ్రీకి ఫోను చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తరు. "యంత్రాలు తిరుగుతుంటే పిడుగు పడ్డా వినపడదు మేడమ్" అని అరిచాడు అతను. నేను ఆలోచిస్తున్నది దాని గురించే. ఫోను మోత వినపడని చోట పసిపాప ఏడుపు ఎవరికి వినపడుతుంది?

వెనకగేటు దగ్గర దిగాం. చెత్తబండి కోసం ఆ గేటును పొద్దున ఏడు నుంచి ఏడున్నర దాకా తెరిచి వదిలేస్తారని, అక్కడ కాపలా ఉండదని పరుగెడుతూనే చెప్పాడు. ఆరేళ్ళు ఆ దారినే వచ్చిన మనిషికి ఇంకేం కావాలి? లోపల నేల తడి. బ్లీచింగు నీళ్ళు మోకాళ్ళ దాకా చిందుతున్నాయి.

గోడ గడియారంలో పదకొండూ నాలుగు.

ఎర్రగీతల తోపుడుబండి ఖాళీగా ఉంది. పెద్ద యంత్రం గుండ్రటి అద్దం వెనక ఎర్రటి గుడ్డ తిరుగుతోంది. పైకి వస్తోంది, కింద పడుతోంది. పైకి వస్తోంది, కింద పడుతోంది.

భర్త గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని ఏమనాలో నాకు తెలియదు. లిఫ్టులు ఆపిన చెయ్యి కాబట్టి ఎర్ర మీట ఎక్కడుందో వెతక్కుండానే కొట్టాడు. యంత్రం నిలిచింది. తలుపు తెరుచుకోలేదు.

"నీళ్ళు దిగాలి!" యంత్రం నడిపే అతను పరుగెత్తుకొచ్చాడు. "నాలుగు నిమిషాలు! మధ్యలో తీస్తే మరిగే నీళ్ళు మీదికొస్తాయి. ఎవరు మీరు? ఏమైంది?"

"ఎన్ని సంచులు వేశావు?"

"పదమూడు. వార్డు చీటీలో పదమూడు, నేను వేసిందీ పదమూడు. లెక్క కుదరందే వెయ్యం."

"వచ్చినవెన్ని?"

అతను తడబడ్డాడు. "పొద్దున బండి మీద పద్నాలుగున్నాయి. ఒకటి ఎక్కువైంది. ఎక్కువైంది పక్కన తిరుగు అరలో పెట్టాలి, వార్డుకి వాపసు చీటీ రాయాలి. ఇక్కడ అందరికన్నా పాతమనిషి, మా పెద్దక్క, చూసుకుంటానంది."

తిరుగు అర ఖాళీగా ఉంది.

"పెద్దక్క ఏది?"

"ఇక్కడే ఉండాలి. చోటు వదిలి వెళ్ళే మనిషి కాదే." అప్పుడు అతనికీ ఏదో అర్థమైంది. "అర నిండిపోతే ఒక్కోసారి... పద్నాలుగోదాన్ని కూడా యంత్రంలోనే తోసేస్తాం. నేను తొయ్యలేదు. నేను తొయ్యలేదమ్మా. లెక్కపెట్టే వేశాను."

నాలుగు నిమిషాలు. నేను చాలా తలుపుల ముందు నిలబడ్డాను. అలాంటిది ఒక్కటే. భర్త అద్దానికి అరచేతులు ఆనించి ఉన్నాడు. అద్దం కాలుతున్నా తియ్యలేదు. లాగితే రానంటాడు.

పచ్చదీపం వెలిగింది. ఆవిరి మొహాన కొట్టింది. పొడుగు కొక్కెంతో ఒక్కో సంచీ బయటికి లాగాడు అతను. నేను లెక్కపెట్టాను. పైకే లెక్కపెట్టాను, ఎందుకంటే లోపల లెక్క ఆగడంలేదు. పది. పదకొండు. దుప్పట్లు. పన్నెండు. గలీబులు. పదమూడు.

పదమూడే.

మెట్ల మీద చప్పుడైంది. చెప్పుల్లేని కాళ్ళతో దిగివస్తోంది పెద్దక్క, యాభై దాటిన మనిషి, ముంజేతుల దాకా వేడినీళ్ళ మచ్చలు. భర్తను చూసి ఆగిపోయింది. తర్వాత చెయ్యెత్తి, పైకి, పిల్లల వార్డు వైపు చూపించింది.

"పైనుంది నాయనా. ఏడుస్తోంది. గట్టిగా ఏడుస్తోంది. నర్సమ్మలు పాలు పడుతున్నారు. వెళ్ళు."

అతను వెళ్ళలేకపోయాడు. ఇద్దరం పట్టుకుని మెట్లు ఎక్కించాం.

పాప ఎర్రగా, కోపంగా, బతికి ఉంది. అంతకన్నా ఏం చెప్పను? నర్సు చేతిలోంచి తండ్రి చేతిలోకి వచ్చాక కూడా తిట్టినట్టు ఏడ్చింది.

"ఎలా తెలిసింది పెద్దక్కా?" అని అడిగాను. "ఎర్ర సంచి విప్పితే ఉద్యోగం పోతుందిగా."

"పోతుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ విప్పలేదు." చేతులు చంకల్లో దాచుకుంది. "పదీముప్పావుకి ఎక్కువైన సంచి తీసి పక్కన పెట్టబోయాను. ముడి చూశాను. రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి. అది నేనే నేర్పిన ముడి, ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ రాదు. ఆ పిల్ల సెలవులో ఉంది. సెలవులో ఉన్న మనిషి ముడి సంచి మీదికి ఎలా వస్తుంది? సరే, పాతదేమో అనుకున్నాను. కానీ మూతి దగ్గర నాలుగు వేళ్ళు దూరేంత సందు ఒదిలింది. అలా ఎప్పుడూ ఒదలదు. మైలగుడ్డలకి గాలెందుకమ్మా?"

ఏ లోకంలో ఉందో తెలియని ఆ తల్లి, తెల్లచెప్పులవాళ్ళ నుంచి పారిపోతూ కూడా, నాలుగు వేళ్ళ గాలి వదిలింది.

పదకొండూ ఇరవైకి స్టేషన్‌కి ఫోను చేశాను. ముందు ఆమెకే చెప్పాలి. పాప ఏడుపు ఫోనులో వినిపించాలి. సాయంకాలం సారే ఎత్తాడు.

"సార్, పాప దొరికింది. బతికుంది. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టండి."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"సార్?"

"బతికుందా?" అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు. ఎవరో ముసలివాడిది.

"మా ఎదురుగా ఏడుస్తోంది. ఆమెకి ఇవ్వండి."

"నేను... గుడ్డ చూపించాను మేడమ్. పాప కాలవలో దొరికిందని చెప్పాను. ప్రాణం లేదని చెప్పాను. అలా అంటే నిజం చెబుతారు, ఎప్పుడూ చెబుతారు. ఏమీ అనలేదు. అరవలేదు కూడా. బుద్ధిగా తల ఊపింది. ఒప్పుకోలు కాగితం తేవడానికి బయటికొచ్చాను. డాక్టరుగారు కాగితాలతో వచ్చారేమో చూడమని కానిస్టేబుల్ని గేటు దాకా పంపాను. రెండు నిమిషాలు."

"ఎక్కడుంది?"

"వెనక రికార్డుల గది తలుపు తెరిచి ఉంది. సందులోకి దారి. పదకొండూ పన్నెండుకి చూశాను. లేదు. కాలవ దగ్గర లేదు. ఇంటి దగ్గర లేదు." ఊపిరి గట్టిగా పీల్చాడు. "అన్ని స్టేషన్లకీ వైర్‌లెస్ పెడుతున్నాను. ఏమని పెట్టమంటారు? నిందితురాలు పరారీ అని..."

"రాసుకోండి" అన్నాను. ఆయన కలం పట్టుకున్న చప్పుడు వినపడింది. ఒక్క మాట ఎదురు చెప్పకుండా రాసుకున్నాడు.

మీరూ రాసుకోండి, చదివి పక్కన పెట్టెయ్యకండి. వయసు ఇరవై ఆరు. సన్నటి మనిషి. కాళ్ళకి చెప్పుల్లేవు. తొమ్మిది రాత్రుల నిద్ర బాకీ ఉంది. గొంతు పెంచితే గోడకి అతుక్కుపోతుంది, మెల్లగా మాట్లాడితే ఒక్క నిమిషం మీకు దొరుకుతుంది. ఆ ఒక్క నిమిషంలో చెప్పాల్సిన మాట ఒకటే: పాప బతికే ఉంది, పాల కోసం ఏడుస్తోంది. వంతెన మీదో, మేడ మీదో, రైలు పట్టాల పక్కనో ఆమె ఎదురవ్వచ్చు. అప్పటికి ఆమెకు గుర్తుండేది సాయంకాలం సారు చెప్పిన అబద్ధం ఒక్కటే. నిజం ఆమెదాకా ఇంకా చేరలేదు. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.